పెరుగు చుక్కతో గ్రామ్ స్టెయిన్: బ్యాక్టీరియా గోడని రంగుల్లో చదవడం ఎలా

నెల్లూరు నుంచో చిత్తూరు నుంచో వచ్చి చెన్నైలో మైక్రోబయాలజీయో, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సో చదువుతున్నారంటే మీకు ప్రాక్టికల్స్‌లో ముందు తగిలేది గ్రామ్ స్టెయినే, అంటే బ్యాక్టీరియాకి రంగులు వేసి రెండు రకాలుగా విడదీసే పరీక్ష. వయొలెట్ ఒక నిమిషం, అయోడిన్ ఒక నిమిషం, ఆల్కహాల్, ఆ తర్వాత సాఫ్రనిన్. ఈ వరస అందరికీ నోటికి వస్తుంది. వైవాలో "అయోడిన్ వెయ్యకపోతే ఏమవుతుంది?" అని అడిగితే మాత్రం చాలామంది నీళ్ళు నములుతారు. వరసని బట్టీ పట్టారు తప్ప ఆ రంగులు దేన్ని పరీక్షిస్తున్నాయో పట్టించుకోలేదు, అదీ సంగతి. ఈ నాలుగు సీసాలూ పరీక్షించేది ఒక్కదాన్నే, బ్యాక్టీరియా కణకవచాన్ని, అంటే సెల్ వాల్‌ని. అది ఎలా కట్టి ఉందో తెలిస్తే వరస దానంతటదే గుర్తుంటుంది, స్లైడు చెడిపోయినప్పుడు ఎక్కడ చెడిందో కూడా మీకే తెలుస్తుంది.

దీనికి ఖరీదైన కల్చర్లేమీ (ల్యాబ్‌లో పెంచిన బ్యాక్టీరియా) అక్కర్లేదు. పెరుగు ఒక చుక్క, మీ పంటి పాచి కొంచెం చాలు. పెరుగులో దాదాపు అన్నీ గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియా, అంటే చివరికి ఊదాగా మిగిలేవి. పాచిలో వాటితోపాటు గులాబీగా తేలే గ్రామ్ నెగటివ్‌లు కూడా కలిసి ఉంటాయి. రెండూ ఒకే స్లైడు మీద పక్కపక్కనే వేస్తే మీ పని సరిగ్గా వచ్చిందో లేదో ఆ స్లైడే చెప్పేస్తుంది, ఇంకెవరినీ అడగక్కర్లేదు.

ముందు సామాను. స్లైడ్లు, టూత్‌పిక్‌లు, స్పిరిట్ దీపం, 100 రెట్ల ఆయిల్ ఇమ్మర్షన్ లెన్స్ ఉన్న మైక్రోస్కోప్, నాలుగు సీసాలు: క్రిస్టల్ వయొలెట్, గ్రామ్స్ అయోడిన్, 95 శాతం ఆల్కహాల్, సాఫ్రనిన్. కాలేజీ ల్యాబ్‌లో ఇవన్నీ ఉంటాయి, అక్కడే చెయ్యండి. సొంతంగా కొనుక్కోవాలనుకుంటే పారిస్ కార్నర్ దగ్గర దిగి జార్జ్ టౌన్ వీధుల్లోకి వెళ్ళి ల్యాబ్ సామాను అమ్మే కొట్లో గ్రామ్ స్టెయిన్ కిట్ కావాలని అడగండి. తమిళం రాదని టెన్షన్ పడక్కర్లేదు, ఆ వీధుల్లో తెలుగు మాట్లాడేవాళ్ళు దొరుకుతూనే ఉంటారు.

అయోడిన్ మీరే కలుపుకుంటున్నట్టయితే లెక్క ఇది: అయోడిన్ 1 గ్రాము, పొటాషియం అయొడైడ్ 2 గ్రాములు, డిస్టిల్డ్ వాటర్ 300 మిల్లీలీటర్లు. ఉత్త నీళ్ళలో అయోడిన్ సరిగ్గా కరగదు కాబట్టి ముందు ఆ రెండిటినీ కొద్దిపాటి నీళ్ళలో కలిపి, పూర్తిగా కరిగాక మిగతా నీళ్ళు పొయ్యండి. ముదురు రంగు సీసాలో పోసి వెలుతురు తగలకుండా పెట్టాలి. డికాక్షన్ రంగులో ఉండాల్సింది వెలిసిపోయి పల్చటి పసుపులోకి దిగితే ఇక దాన్ని పారబొయ్యండి, మొహమాటం వద్దు. అలాంటి అయోడిన్‌తో మిగతావన్నీ ఎంత శ్రద్ధగా చేసినా దండగే. రంగులు కలపడానికి బోరు నీళ్ళు మాత్రం వాడకండి. చెన్నైలో చాలాచోట్ల అవి ఉప్పగా ఉంటాయి, ఎండిన తర్వాత స్లైడు మీద ఉప్పు గింజలు మిగిలి వాటినే కోకై (గుండ్రటి బ్యాక్టీరియా) అనుకునే ప్రమాదముంది.

ఇక స్మియర్, అంటే స్లైడు మీద పల్చగా పరిచే పూత. పెరుగు నిన్న రాత్రి తోడుపెట్టిందైతే మంచిది, ప్యాకెట్ పెరుగైనా ఫర్వాలేదు గానీ ఫ్రిజ్‌లో వారం నుంచి పడి ఉన్నది వద్దు. ఇక్కడి ఎండలకి బయట పెట్టిన పెరుగు సాయంత్రానికల్లా పులిసిపోతుంది కదా, అలా బాగా పులిసిన దాంట్లో ముసలి బ్యాక్టీరియా ఎక్కువ. వాటి గోడలు అక్కడక్కడా శిథిలమై ఉంటాయి కాబట్టి గ్రామ్ పాజిటివ్ అయ్యుండి కూడా వయొలెట్‌ని వదిలేసి గులాబీ రంగులో కనబడతాయి. కాలేజీలో 18 నుంచి 24 గంటల కల్చరే వాడమని పట్టుబట్టేది ఇందుకే.

స్లైడుని సబ్బుతో కడిగి, ఆల్కహాల్‌తో తుడిచి, వేళ్ళు తగలకుండా అంచులు పట్టుకోండి. అడుగువైపు గ్లాస్ పెన్సిల్‌తో రెండు గుండ్రాలు గీసుకోండి, ఎడమవైపుది పెరుగుకి, కుడివైపుది పాచికి. ఒక్కో గుండ్రంలో చిన్న నీటి చుక్క వెయ్యండి. మీగడ పక్కకి తోసి కింది పెరుగుని టూత్‌పిక్ కొసతో ముట్టుకున్నంత తీసుకుని ఎడమ చుక్కలో కలిపి పల్చగా పరవండి. ఎంత పల్చగా అంటే ఆరిన తర్వాత స్లైడు కింద పేపరు పెడితే అక్షరాలు చదవగలగాలి. పెరుగు చిక్కగా పడితే పాల ప్రొటీన్ కూడా రంగు పట్టేసి తెరంతా గులాబీ మరకలైపోతుంది, అందులో బ్యాక్టీరియా ఏదో మరక ఏదో తేలదు. పాచికైతే పొద్దున బ్రష్ చెయ్యకముందు దవడ పన్ను మొదట్లో, చిగురు ఆనుకుని ఉండేచోట కొత్త టూత్‌పిక్‌తో గీకండి, బుగ్గ లోపల కూడా ఒకసారి రాయండి. బుగ్గ కణాలు ఎందుకో తర్వాత చెప్తాను.

ఆరడానికి తొందరపడొద్దు. నవంబరు వానల్లో ఇక్కడి గాలి తేమకి స్లైడు ఎంతకీ ఆరదు, ఫ్యాను కింద పెట్టి వేరే పని చూసుకోండి. తడి ఉండగానే మంట మీద పెట్టారంటే నీళ్ళు ఉడికి కణాలు పగిలి ఆకారం చెడుతుంది. పూర్తిగా ఆరాకే స్మియర్ ఉన్న వైపు పైకి ఉంచి మంట మీదుగా మూడుసార్లు చకచకా లాగండి. అరచేతి వెనకవైపు ఆనిస్తే వెచ్చగా తగలాలి, చురుక్కుమనకూడదు.

రంగులు వేసేముందు ఆ గోడ సంగతి కాస్త తెలుసుకుందాం, లేకపోతే మిగతాదంతా మళ్ళీ బట్టీయే అవుతుంది.

బ్యాక్టీరియా లోపలి ద్రవం చిక్కన, బయటి నీళ్ళు పల్చన. కాబట్టి నీళ్ళు ఎప్పుడూ లోపలికే తోసుకొస్తుంటాయి. గ్రామ్ పాజిటివ్ కణాల్లో ఆ పీడనం 20 అట్మాస్ఫియర్ల దాకా వెళ్తుంది. గోడ లేకపోతే కణం పగిలిపోతుంది. ఆ గోడకి ముఖ్యమైన సరుకు పెప్టిడోగ్లైకాన్. నులక మంచం అల్లిక ఊహించుకోండి. నిలువు పోగులు చక్కెరలవి: ఎన్-అసిటైల్ గ్లూకోసమైన్, ఎన్-అసిటైల్ మ్యురామిక్ ఆమ్లం ఒకదాని తర్వాత ఒకటిగా బీటా 1,4 బంధాలతో సాగుతాయి. అడ్డ పోగులు పెప్టైడ్‌లవి: ప్రతి మ్యురామిక్ ఆమ్లానికీ నాలుగు అమైనో ఆమ్లాల తోక వేలాడుతుంది, ఒక పోగు తోక పక్క పోగు తోకతో ముడిపడుతుంది. ఈ తోకల్లో డి-అలనిన్, డి-గ్లుటామిక్ ఆమ్లం ఉంటాయి. మన ఒంట్లో ప్రొటీన్లన్నీ ఎల్-రకం అమైనో ఆమ్లాలతోనే తయారవుతాయి, డి-రకం ఇలా గోడలో వాడుకోవడం బ్యాక్టీరియా ప్రత్యేకత. స్టెఫైలోకాకస్ ఆరియస్‌లో రెండు తోకల మధ్య ఐదు గ్లైసిన్‌ల వంతెన అదనంగా ఉంటుంది. ఈ.కోలైలో తోకలు నేరుగానే కలుస్తాయి.

గ్రామ్ పాజిటివ్‌లో ఈ అల్లిక పొర మీద పొరగా 20 నుంచి 80 నానోమీటర్ల మందం ఉంటుంది, మధ్యలో టీకోయిక్ ఆమ్లాలు దిగి ఉంటాయి. గ్రామ్ నెగటివ్‌లో అదే అల్లిక కొద్ది నానోమీటర్లే. దాని బదులు వాటికి బయట ఇంకో పొర ఉంటుంది, అంటే కణత్వచం (సెల్ మెంబ్రేన్) ఒకటి, పల్చటి పెప్టిడోగ్లైకాన్, ఆ పైన బయటి త్వచం. ఈ బయటి త్వచం పైభాగమంతా లైపోపాలీశాకరైడ్, అంటే కొవ్వూ చక్కెర గొలుసులూ కలిసిన అణువు. దీన్లో లోపలికి నాటుకుని ఉండే భాగం లిపిడ్ ఏ. అదే ఎండోటాక్సిన్, రక్తంలో గ్రామ్ నెగటివ్ ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు జ్వరానికీ షాక్‌కీ ప్రధాన కారణం.

మామూలు మైక్రోస్కోప్‌లో 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్నవాటిని విడివిడిగా చూడలేం. అంటే 80 నానోమీటర్ల గోడని మీరు ఎంత మంచి లెన్స్ పెట్టినా చూడలేరు. రంగుని పట్టుకుందా, వదిలేసిందా అన్నదాన్ని బట్టి గోడ ఎలాంటిదో తేల్చుకోవాలి. గ్రామ్ స్టెయిన్ చేసేది ఈ పనే.

ఇప్పుడు స్లైడుని రాక్ మీద పెట్టి క్రిస్టల్ వయొలెట్‌తో ముంచెయ్యండి, ఒక నిమిషం. ఈ రంగుకి ధనావేశం, కణంలో రుణావేశం ఉన్న అణువులకి అతుక్కుంటుంది. ఈ దశలో ఏ గోడా దాన్ని ఆపదు, పాజిటివ్, నెగటివ్ అన్నీ ఊదారంగే. నీళ్ళ ధార నేరుగా స్మియర్ మీద పడకుండా స్లైడు పై అంచున పోసి జారనివ్వండి.

తర్వాత అయోడిన్, ఇంకో నిమిషం. ఇది కొత్త రంగు వెయ్యదు. లోపల ఉన్న వయొలెట్‌తో జతకట్టి పెద్ద పెద్ద ముద్దలు తయారుచేస్తుంది. విడిగా ఉన్న వయొలెట్ చిన్నది, సులువుగా బయటికి జారిపోతుంది. ముద్దకట్టాక గోడ సందుల్లోంచి దూరడం కష్టం. వైవా ప్రశ్నకి జవాబు ఇదే: అయోడిన్ వెయ్యకపోతే ఆల్కహాల్ పొయ్యగానే గ్రామ్ పాజిటివ్‌లు కూడా రంగు వదిలేస్తాయి, మీ పెరుగంతా గులాబీ అయిపోతుంది. మళ్ళీ కడగండి.

అసలు పరీక్ష ఆల్కహాల్ దగ్గర. మిగతా మూడు దశల్లో పది సెకన్లు అటూ ఇటూ అయినా కొంప మునగదు, ఇక్కడ మునుగుతుంది. ఫోన్ పక్కన పెట్టండి. స్లైడుని ఏటవాలుగా పట్టుకుని వెనకాల తెల్ల కాగితం ఉంచుకోండి. పై అంచు నుంచి ఆల్కహాల్ చుక్కచుక్కగా వెయ్యండి. మొదటి చుక్కలకి చిక్కటి ఊదా ధార కిందికి దిగుతుంది, ఆ తర్వాత అది పల్చబడి లేత వంగపండు రంగులోకి వస్తుంది, కింది అంచున జారే చుక్క కాగితం మీద దాదాపు రంగు లేకుండా పడిన క్షణమే ఆపేసి నీళ్ళు పొయ్యాలి. నీళ్ళు ఎంత త్వరగా పడితే అంత మంచిది, ఎందుకంటే ఆల్కహాల్‌ని ఆపేది అవే. 95 శాతం ఆల్కహాల్‌తో మామూలుగా 10 నుంచి 20 సెకన్లు. మీ ల్యాబ్‌లో అసిటోన్ కలిపిన డీకలరైజర్ (రంగు తీసే ద్రవం) ఉంటే అది చాలా దూకుడు, రెండు మూడు సెకన్లలోనే పనైపోతుంది. సీసా మీద చీటీ చూడకుండా "సీనియర్లు 20 సెకన్లన్నారు" అని పోస్తే ఆ స్లైడుని ఎవరూ కాపాడలేరు. స్మియర్ మందంగా పడితే లెక్క మళ్ళీ మారుతుంది. అందుకే గడియారం కన్నా జారే చుక్క రంగుని నమ్మడమే మేలని నా ఉద్దేశం.

ఆ కొద్ది సెకన్లలో జరిగేది ఇది. గ్రామ్ నెగటివ్ బయటి త్వచంలోని కొవ్వుని ఆల్కహాల్ కరిగించేస్తుంది, మిగిలిన పల్చటి పెప్టిడోగ్లైకాన్ ముద్దల్ని ఆపలేదు, రంగు కొట్టుకుపోతుంది. గ్రామ్ పాజిటివ్‌లో ఆల్కహాల్ మందపాటి అల్లికలోని నీటిని లాగేస్తుంది, అల్లిక బిగుసుకుని సందులు మూసుకుపోతాయి, ముద్దలు లోపలే ఉండిపోతాయి. అయితే ఎంతసేపు పోసినా ఉంటాయని కాదు. ఎక్కువసేపు పోస్తే అవీ వదిలేస్తాయి. పాజిటివ్, నెగటివ్ అనేది ఎంత వేగంగా వదులుతాయన్న తేడానే.

చివరికి సాఫ్రనిన్, 45 సెకన్ల నుంచి ఒక నిమిషం. ఇది అన్నిటికీ అంటుకుంటుంది గానీ ఊదాగా ఉన్నవాటి మీద తెలియదు, రంగు పోయినవే గులాబీగా తేలతాయి. డెన్మార్క్‌కి చెందిన హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో బెర్లిన్‌లో ఈ పద్ధతి ప్రచురించినప్పుడు సాఫ్రనిన్ దశ లేదు, తర్వాత వేరేవాళ్ళు కలిపారు. న్యుమోనియాతో చనిపోయినవాళ్ళ ఊపిరితిత్తుల కణజాలంలో బ్యాక్టీరియా విడిగా కనబడాలన్నదే ఆయన ప్రయత్నం. కణకవచాల గురించి ఈ సంగతులన్నీ తేలింది దశాబ్దాల తర్వాత.

కడిగి, బ్లాటింగ్ పేపర్ మధ్య పెట్టి అద్దండి, తుడవొద్దు. 10 రెట్ల లెన్స్‌లో స్మియర్ దొరకబుచ్చుకుని, నూనె చుక్క వేసి 100కి వెళ్ళండి. కండెన్సర్ (స్లైడు కింద వెలుతుర్ని కూడగట్టే లెన్స్) పైకి ఎత్తి, ఐరిస్ (ఆ వెలుతుర్ని పెంచే, తగ్గించే తెర) తెరవండి. చాలామంది ఐరిస్ మూసేసి చూస్తారు, అప్పుడు అన్నీ నల్లగా కనబడి ఊదాకీ గులాబీకీ తేడా తెలియదు.

పెరుగు వైపు ఊదా రంగులో గుండ్రటి కణాలు జంటలుగా, గొలుసులుగా ఉంటాయి, ఎక్కువగా స్ట్రెప్టోకాకస్ జాతివి. మధ్యలో పొడుగాటి ఊదా కడ్డీలు ల్యాక్టోబాసిల్లస్‌లు. ఇంట్లో తోడుపెట్టిన పెరుగైతే వీటికన్నా చాలా పెద్దగా, కోడిగుడ్డు ఆకారంలో ముదురు ఊదా కణాలు కూడా కనబడొచ్చు. అవి ఈస్ట్, బ్యాక్టీరియా కాదు. ఈస్ట్ గోడలో పెప్టిడోగ్లైకాన్ అసలుండదు, గ్లూకాన్, మానో ప్రొటీన్లు, కొద్దిగా కైటిన్ ఉంటాయి. అయినా ఊదాగానే వస్తుంది, ఎందుకంటే గోడ మందంగా ఉండి రంగు ముద్దల్ని పట్టి ఉంచగలిగితే చాలు. వైవాలో "వయొలెట్ పెప్టిడోగ్లైకాన్‌కి అంటుకుంటుంది" అని చెప్పేవాళ్ళని పట్టెయ్యడానికి ఈ ఈస్ట్ ఒక్కటి చాలు.

పాచి వైపు అసలు సందడి. ఊదా కోకై గుంపులు, గులాబీ కోకై, రెండు కొసలూ సూదిలా సన్నబడ్డ పొడుగాటి గులాబీ కడ్డీలు. వాటి మధ్య పెద్ద దుప్పటిలా పరుచుకున్న బుగ్గ కణాలు, నడుమ కేంద్రకం. బుగ్గ గీకమన్నది దీనికోసమే. మన కణాలకి గోడ లేదు కాబట్టి వయొలెట్ నిలవకూడదు, కేంద్రకం గులాబీగా రావాలి. అది ఊదాగా ఉందంటే ఆల్కహాల్ సరిపోలేదు, ఆ స్లైడులో ఏది ఊదాగా కనబడ్డా నమ్మొద్దు. కేంద్రకం గులాబీగా ఉండి పెరుగు వైపు కూడా అంతా గులాబీ అయితే ఆల్కహాల్ ఎక్కువైంది, లేదా అయోడిన్ చచ్చిపోయింది, లేదా పెరుగు మరీ పాతది. పెరుగు ఊదా, కేంద్రకం గులాబీ అయితే మీ స్లైడు సరైనదే. ఊదా గింజలు గాజు మీద ఏ ఆకారమూ లేకుండా చెల్లాచెదురుగా ఉంటే అది రంగు మడ్డి, వయొలెట్‌ని ఫిల్టర్ పేపర్‌తో వడగట్టుకోండి.

ప్లేటు మీద పెరిగిన కాలనీ (ఒకే రకం బ్యాక్టీరియా గుంపు) ఉండి రంగు విషయంలో అనుమానం మిగిలితే ఇంకో చిట్కా ఉంది. 3 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ఒక చుక్క స్లైడు మీద వేసి, కాలనీని లూప్‌తో (కొసన చిన్న చుట్ట ఉన్న తీగ) తీసి అందులో అరనిమిషం తిప్పి, లూప్‌ని మెల్లగా పైకి ఎత్తండి. గ్రామ్ నెగటివ్ అయితే పల్చటి గోడ విచ్చిపోయి లోపలి డీఎన్ఏ బయటపడి చుక్కంతా జిగటగా మారుతుంది, లూప్‌తోపాటు సన్నటి తీగ లేస్తుంది. గ్రామ్ పాజిటివ్ అయితే నీళ్ళలాగే ఉంటుంది. క్షారం కాబట్టి గ్లవ్స్ వేసుకోండి. దీన్ని పెరుగు మీద చెయ్యొద్దు, పాల ప్రొటీన్ అడ్డొచ్చి ఫలితం తప్పుదారి పట్టిస్తుంది.

డాక్టర్లకి ఈ రంగుతో ఏం పనో కూడా ఇక్కడే తెలుస్తుంది. పెన్సిలిన్ ఆ అడ్డ పోగుల్ని ముడివేసే ఎంజైముల్ని పట్టేస్తుంది, పెరుగుతున్న కణం గోడ బలహీనపడి పగులుతుంది. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఎంజైముని కాకుండా ఇంకా ముడిపడని తోక కొసన ఉండే రెండు డి-అలనిన్‌లని పట్టుకుంటుంది. అయితే అది పెద్ద అణువు, గ్రామ్ నెగటివ్ బయటి త్వచంలోని పోరిన్ ద్వారాల్లో పట్టదు, అందుకే వాటి మీద పనిచెయ్యదు. మన కన్నీళ్ళలో, గుడ్డు తెల్లసొనలో ఉండే లైసోజైమ్ అయితే చక్కెర పోగులనే కత్తిరిస్తుంది. దానికి ఆ పేరు పెట్టి 1922లో వివరించింది అలెగ్జాండర్ ఫ్లెమింగే, పెన్సిలిన్‌ని గమనించింది ఆ తర్వాత, 1928లో.

ఈ పద్ధతికి లొంగనివి రెండు గుర్తుంచుకోండి. ఒకటి మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా, దానికి గోడే లేదు, అందుకే పెన్సిలిన్ కూడా దాన్నేమీ చెయ్యలేదు. రెండోది క్షయ బ్యాక్టీరియా. దాని గోడలో పెప్టిడోగ్లైకాన్ పైన అరబినోగెలాక్టాన్, ఆ పైన పొడుగాటి మైకోలిక్ ఆమ్లాలు, మైనంలాంటి పొర. గ్రామ్ రంగులు సరిగ్గా లోపలికే పోవు. దానికి కార్బల్ ఫ్యుక్సిన్ అనే ఎర్ర రంగుని వేడిచేసి పట్టించే జీల్-నీల్సన్ పద్ధతి కావాలి, ఒకసారి పట్టాక ఆమ్లం పోసినా వదలదు. చెన్నైలో చదువుతూ ఈ గోడ గురించి తెలియకపోతే బాగోదు, ఎందుకంటే చెట్‌పట్‌లో ఇప్పుడు జాతీయ క్షయ పరిశోధన సంస్థగా ఉన్నది 1956లో టీబీ కీమోథెరపీ సెంటర్‌గా మొదలైంది. శానటోరియంలో (క్షయ రోగుల్ని ఉంచే ఆస్పత్రి) పెట్టకుండా ఇంటి దగ్గరే మందులిచ్చినా క్షయ నయమవుతుందని ప్రపంచానికి చూపించిన అధ్యయనం అక్కడిదే, 1959లో ప్రచురించారు. అందులో ఇచ్చిన ఐసోనియజిడ్ అనే మందు దెబ్బతీసేది సరిగ్గా ఈ మైకోలిక్ ఆమ్లాల తయారీనే. కళ్ళె స్లైడ్లు మాత్రం మీరు సరదాకి కూడా ముట్టుకోవద్దు, వాటికి వేరే ల్యాబ్, వేరే జాగ్రత్తలు ఉన్నాయి.

పనైపోయాక లెన్స్ మీది నూనెని లెన్స్ పేపర్‌తోనే తుడవండి, కర్చీఫ్‌తో కాదు. స్లైడ్లూ టూత్‌పిక్‌లూ 1 శాతం హైపోక్లోరైట్‌లో వెయ్యండి. వేళ్ళకి అంటిన వయొలెట్ సబ్బుకి పోదు, ఆల్కహాల్ దూదితో వెంటనే రుద్దితే చాలావరకు పోతుంది, మిగిలింది రెండు మూడు రోజులు ఉంటుంది. రికార్డులో "గ్రామ్ పాజిటివ్" అని ఒక్క మాట రాసి ఊరుకోకండి. ఆకారం, అమరిక, రంగు, పెరుగు ఎన్ని గంటలది, డీకలరైజర్ ఏది, ఎన్ని సెకన్లు, బుగ్గ కణాల కేంద్రకం ఏ రంగులో వచ్చింది, ఇవన్నీ రాయండి.